నూనె ఎంత లోతుకు దిగుతుంది?

రాత్రి తొమ్మిదిన్నర దాటాక దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపుల షట్టర్లు దిగుతాయి. పొద్దున పదింటి నుంచి చీరలు మడతలు విప్పి చూపిస్తూ, మళ్లీ మడత పెడుతూ నిలబడే ఉన్న అమ్మాయిలు అప్పుడు బయటికొస్తారు. కొందరు మెట్రో మెట్లెక్కుతారు, కొందరు ఎల్.బి.నగర్ చౌరస్తా వైపు ఆటో ఎక్కుతారు. వాళ్ల పాదాలు చూడండి. చెప్పు పట్టీ ఉన్నచోట లోతుగా అచ్చు పడి ఉంటుంది. చీలమండ పైన వేలితో కాసేపు నొక్కి వదిలితే చిన్న గుంట పడుతుంది, అది పూడటానికి కొంచెం సమయం పడుతుంది.

ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని, గోరువెచ్చటి నువ్వుల నూనె రాసుకుని పడుకుంటే తెల్లారేసరికి వాపు తీసేస్తుంది. నూనె గుణం అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. కానీ ఆ రాత్రి జరిగినవి మూడు: నూనె రాయడం, చేత్తో రుద్దడం, కాళ్లు చాపుకుని ఏడెనిమిది గంటలు పడుకోవడం. వాపు తీయడంలో ఏది ఎంత పని చేసింది? ఈమధ్య అభ్యంగనానికి 'లింఫ్ మసాజ్' అన్న కొత్త పేరు కూడా తోడై, ఇంట్లోనే మూలికల నూనె కాచుకుని ఒళ్లంతా రుద్దుకుంటే విషాలన్నీ పోతాయన్న మాట కాలనీల్లో బాగా వినిపిస్తోంది. అందుకే ఆ మూడింటినీ విడదీసి చూడటం అవసరం.

ముందు ఆ వాపులోని నీరు ఎక్కడిదో తెలుసుకుందాం. ఒంట్లో అతి సన్నని రక్తనాళాలైన కేశనాళికల గోడల్లోంచి ఎప్పుడూ కొంత నీరు, దాంతోపాటు కొంత ప్రోటీను బయటికి ఊరుతూనే ఉంటుంది. కణాలు బతికేది ఆ నీటిలోనే. అలా ఊరినదంతా తిరిగి రక్తంలోకి చేరకపోతే ఒక్కరోజులోనే మనిషి వాచిపోతాడు. 1896లో ఇంగ్లండు శరీరశాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఈ రాకపోకల వెనుక ఉన్న పీడనాలను వివరించాడు. ఊరిన నీటిలో ఎక్కువ భాగాన్ని కేశనాళికలే రెండో కొసన తిరిగి పీల్చుకుంటాయని, మిగిలిన కొద్దిపాటి నీరే శోషరస నాళాల్లోకి పోతుందని ఆ తర్వాత వందేళ్లకు పైగా పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 2010లో లెవిక్, మిషెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ లెక్కను సరిదిద్దారు. చాలా అవయవాల్లో కేశనాళికలు నీటిని అలా స్థిరంగా వెనక్కి పీల్చుకోవని, ఊరినదాన్ని వెనక్కి చేర్చే భారం ప్రధానంగా శోషరస నాళాలదేనని వాళ్లు చూపారు. ఆ నాళాల్లోకి దిగాక దాని పేరు శోషరసం, అంటే లింఫ్. రక్తంలోంచి బయటికి జారిన ప్రోటీనుకైతే మొదటి నుంచీ వేరే దారి లేదు. ఒక్కరోజులో అలా జారేది రక్తద్రవంలోని మొత్తం ప్రోటీనులో సగం దాకా ఉంటుంది.

ఈ నాళాలు చాలాకాలం మనిషి కంటికి సరిగా చిక్కలేదు. శోషరసానికి రంగు లేదు, నాళాల గోడలు పారదర్శకంగా ఉంటాయి. 1622 జులైలో ఇటలీలో గాస్పరో అసెల్లి ఒక కుక్క పొట్ట కోసి చూస్తుండగా పేగులను పట్టి ఉంచే పొర మీద తెల్లటి దారాలు కనిపించాయి. మొదట నరాలనుకున్నాడు. ఒకదాన్ని కోస్తే పాలలాంటి ద్రవం కారింది. తర్వాత ఇంకో కుక్కను కోస్తే ఆ దారాలు లేవు. మొదటి కుక్క కడుపునిండా తిని ఉందని, రెండోది పస్తు ఉందని అతనికి అప్పుడు తట్టింది. తిన్న కొవ్వు పేగుల్లోంచి నేరుగా రక్తంలోకి కాకుండా ఈ దారిలోనే వెళ్తుంది, ఆ తెలుపు ఆ కొవ్వుది. మనం పప్పన్నంలో వేసుకున్న నెయ్యి కూడా ఇలాగే పొట్టలోంచి ఛాతీ గుండా పైకెక్కి, మెడ దగ్గర ఎడమ కాలర్ ఎముక వెనుక పెద్ద సిరలో కలుస్తుంది. కాళ్ల నీరంతా చేరేది కూడా అక్కడికే. ఈ చోటు గుర్తుపెట్టుకోవాలి, మర్దన మొదలయ్యేది ఇక్కడే.

రక్తాన్ని తోయడానికి గుండె ఉంది, శోషరసానికి అలాంటి పంపు లేదు. మరి అరికాలి నుంచి మెడ దాకా నీరు ఎలా ఎక్కుతుంది? చర్మంలో, పై పొరకు కొద్ది దిగువనే, ఒక కొస మూసుకుపోయిన అతి సన్నని శోషరస నాళికలు అల్లుకుని ఉంటాయి. వాటి గోడల్లోని కణాలు ఒకదాని అంచు మీద ఇంకొకటి వాలి ఉంటాయి. ఆ అంచులను సన్నటి తంతువులు చుట్టూ ఉన్న కణజాలానికి కట్టి ఉంచుతాయి. కణజాలంలో నీరు నిండినా, చర్మం కాస్త సాగినా ఆ తంతువులు లాగబడి అంచులు తెరుచుకుంటాయి, నీరు లోపలికి పోతుంది. ఇంకొంచెం లోతుకు వెళ్తే నాళాల గోడలకు కండరం ఉంటుంది, అడుగడుగునా వెనక్కి పోనివ్వని కవాటాలు ఉంటాయి. రెండు కవాటాల మధ్య ఉన్న ప్రతి ముక్కా తనంతట తాను నిమిషానికి కొన్నిసార్లు ముడుచుకుంటూ నీటిని పై ముక్కలోకి తోస్తుంది. దానికి తోడు పిక్క కండరం నొక్కుడు ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడు ఉదరవితానం కిందికి దిగి పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, ఛాతీలో తగ్గుతుంది. ఆ తేడా నీటిని పైకి లాగుతుంది.

కదలకుండా నిలబడితే పిక్క కండరానికి పని ఉండదు. సిరల్లో రక్తం కాళ్లలోనే నిలుస్తుంది, పీడనం పెరిగి కేశనాళికల్లోంచి నీరు ఎక్కువగా ఊరుతుంది, పైకి పోయేది మాత్రం తగ్గుతుంది. చీరల షాపు అమ్మాయి కాలి గుంటకు కారణం ఇదే. పడుకున్నప్పుడు కాళ్లు గుండె ఎత్తుకు వస్తాయి గనుక రాత్రంతా ఆ నీరు వెనక్కి పోతుంది. అంటే తెల్లారేసరికి వాపు తీయడంలో పెద్ద వాటా పడకది. ఈ వాపు ఎక్కువమందిలో జబ్బు కాదు, పని తెచ్చిపెట్టిన బాధ. దీనికి నూనె గిన్నె కన్నా ముందు కావాల్సింది కౌంటరు వెనుక ఒక స్టూలు, మధ్యమధ్యలో నాలుగడుగులు వేసే వీలు. దుకాణాల్లో పనిచేసేవాళ్లు కూర్చునేందుకు వసతి ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. ఆ అమ్మాయిల కాళ్ల గురించి ఆలోచించేవాళ్లెవరైనా అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా నమ్మకం.

ఇక నూనె సంగతి. చైతన్యపురిలో మా వీధి చివర నల్లగొండ వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమ్మ ఒకావిడ ఉంది. చలికాలం రాగానే ఆవిడ ఇంట్లో నూనె కాగుతుంది. గానుగ నువ్వుల నూనె, అందులో వేపాకు, తుంగముస్తలు, వట్టివేళ్లు, కస్తూరి పసుపు కొమ్ము. సన్న సెగ మీద ఇనుప మూకుడు. ఒకసారి దగ్గర కూర్చుని చూశాను. మొదట ఆకు వేయగానే మూకుడంతా బుడగలు లేచి చిటపటమన్నాయి. చాలాసేపటికి ఆ చప్పుడు సన్నగిల్లింది. ఆవిడ గరిటెతో అడుగున ఉన్న ముద్ద కొంచెం తీసి, చల్లార్చి, వేళ్ల మధ్య నలిపి సన్నటి వత్తిలా చేసింది. దాన్ని పొయ్యి మంటకు చూపించింది. చప్పుడు లేకుండా అంటుకుంది. "ఇగ అయింది, దించొచ్చు" అంది.

ఆ వత్తి పరీక్ష ఆయుర్వేద గ్రంథాల్లో తైలపాకం గురించి చెప్పినదే. ముద్దలో తడి ఉంటే మంటలో చిటపటమంటుంది. తడి మిగిలిన నూనెలో బూజు పడుతుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి, నూనె త్వరగా కనరెక్కుతుంది. థర్మామీటరు లేని రోజుల్లో నూనెలో నీరు మిగల్లేదని తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి దొరకదు. శాస్త్రప్రకారం కాచే తైలంలో ముద్ద ఒక వంతు, నూనె నాలుగు వంతులు, కషాయం లాంటి ద్రవం పదహారు వంతులు. ద్రవమంతా ఆవిరయ్యేదాకా కాచడం గంటల పని. పచ్చి మందారాకులు, గులాబీ రేకులు సీసాలో నూనె పోసి ఎండలో పెట్టేయడం ఇప్పుడు బాగా నడుస్తోంది. చూడటానికి అందంగా ఉంటుంది గానీ ఆకులోని నీరంతా అందులోనే ఉండిపోతుంది. కాచే ఓపిక లేకపోతే ఆకును నీడలో గలగలలాడేలా ఎండబెట్టి వేయాలి. సీసా పూర్తిగా పొడిగా ఉండాలి. కొద్దికొద్దిగా చేసుకుని త్వరగా వాడేసుకోవాలి.

ఏ నూనె మంచిదని అందరూ అడుగుతారు. నువ్వుల నూనెలో సెసమాల్ లాంటి సహజ పదార్థాలు ఉండటంవల్ల అది త్వరగా పాడవదు. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, చర్మానికి చల్లగా హాయిగా ఉంటుంది. డిసెంబరు పొద్దుల్లో హైదరాబాద్‌లో సీసాలో గడ్డకడుతుంది, అంతే. ఆలివ్ నూనె ఖరీదు చూసి గొప్పదనుకోనక్కర్లేదు. అందులో ఎక్కువగా ఉండే ఓలియిక్ ఆమ్లం చర్మం పైపొరను బలహీనపరుస్తుంది. నా ఓటు గానుగ నువ్వుల నూనెకే. వేసవిలో మాత్రం ఏ నూనైనా ఒంటిమీద వదిలేస్తే చెమటకాయలు వస్తాయి. వీపు మీద శోభి ఉన్నవాళ్లకు అది పెరుగుతుంది, ఎందుకంటే దానికి కారణమైన మలసేజియా అనే శిలీంధ్రానికి కొవ్వే ఆహారం.

మూలికల దుకాణంలో కొనేవాటిలో రెండింటి గురించి గట్టిగా చెప్పాలి. ఒకటి బావంచాలు. నలుగుపిండిలో వేస్తారు, రంగు తేలుతుందని నూనెలోనూ కాస్తారు. వాటిలో సొరాలెన్ అనే రసాయనం ఉంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాలుస్తుంది. బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి నల్లటి మచ్చలు మిగులుతాయి. బొల్లి మచ్చలకు చర్మవైద్యులు ఇదే రసాయనాన్ని కొలత ప్రకారం వాడతారు, కిరణాలనూ సెకన్లు లెక్కపెట్టి ఇస్తారు. కొలత లేకుండా బావంచాల నూనె కాళ్లకు రాసుకుని ఏప్రిల్ ఎండలో ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడటం ప్రమాదం. రెండోది కర్పూరం. చంటిపిల్లల ఛాతీకి, వీపుకి కర్పూరం వేసిన కొబ్బరి నూనె రాయడం మన ఇళ్లలో మామూలే. కర్పూరం చర్మం గుండా లోపలికి వెళ్తుంది, పసిపిల్లల్లో ఫిట్స్ తెప్పించవచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు వద్దు.

పెద్దమ్మ నా పాదాలకు నూనె రాస్తూ, "గట్టిగ రుద్దితేనే నూనె లోపలికి దిగుతది బిడ్డా" అంది. అది ఆవిడ ఒక్కరి మాట కాదు, మనందరి నమ్మకం. కొలిచి చూసినవాళ్లకు కనిపించింది వేరు. మన చర్మం పైన చచ్చిన కణాల పొర ఒకటి ఉంటుంది. ముంజేతి మీద దాని మందం సుమారు మిల్లీమీటరులో యాభయ్యో వంతే. రాసిన నూనె ఆ పొర పై వరసల్లోనే ఆగిపోతుందని లేజరు సూక్ష్మదర్శిని పరీక్షల్లో తేలింది. నూనె "ఇంకిపోయింది" అని మనకు అనిపించేది ఆ కణాల సందుల్లో సర్దుకోవడం, కొంత చేతికి, బట్టకు అంటుకుపోవడం. శోషరస నాళికలు దానికి దిగువన, బతికున్న పొరల్లో ఉన్నాయి. కాబట్టి ఇంటి మూలికల నూనె శోషరసాన్ని శుభ్రం చేస్తుందనేది నిజం కాదు. ఒంట్లోని వ్యర్థాలను వడకట్టి పంపేవి కాలేయం, మూత్రపిండాలు. రుద్దితే కరిగి బయటికి పోయే విషాలంటూ ఎక్కడా పేరుకుని లేవు.

అలాగని నూనె పని చిన్నది కాదు. అది పైపొరను మెత్తగా ఉంచుతుంది, నీరు ఎగిరిపోకుండా ఆపుతుంది, మడమ పగుళ్లు రాకుండా చూస్తుంది. పగులు లేని చర్మం గుండా క్రిములు లోపలికి రాలేవు. శోషరస వ్యవస్థకు ఇంతకుమించిన మేలు ఇంకొకటి లేదని బోదకాలు దగ్గరికి వచ్చినప్పుడు చూస్తాం.

ఇక చేతి సంగతి. 1932లో ఎమిల్ వొడర్, ఎస్ట్రిడ్ వొడర్ అనే డెన్మార్క్ దంపతులు ఫ్రాన్సు దక్షిణ తీరంలో మర్దన చికిత్స చేస్తుండేవారు. జలుబు వదలక మెడలో బిళ్లలు కట్టినవాళ్లు వాళ్ల దగ్గరికి వచ్చేవారు. ఆ కాలంలో బిళ్లలను ముట్టుకోకూడదనేవారు. వీళ్లు చాలా తేలిగ్గా, గుండ్రంగా చర్మాన్ని జరుపుతూ ఒక పద్ధతి రూపొందించి 1936లో పారిస్‌లో ప్రదర్శించారు. తర్వాత జర్మనీలో మైకేల్ ఫోల్డీ దాన్ని కట్లతో, వ్యాయామంతో, చర్మ సంరక్షణతో కలిపి పూర్తి చికిత్సగా మలిచాడు. ఇప్పుడు శోషరసం నిలిచిపోయి వచ్చే వాపుకు ప్రపంచమంతటా ఇచ్చే చికిత్స అదే.

ఈ పద్ధతిలో రెండు విషయాలు మన అలవాటుకు ఎదురుగా ఉంటాయి. మొదటిది ఒత్తిడి. కొత్తపేట పండ్ల మార్కెట్ ఇప్పుడు బాటసింగారం తరలిపోయింది గానీ, అక్కడ బేరమాడినవాళ్లందరికీ మామిడిపండు మగ్గిందో లేదో వేలితో చూడటం తెలుసు. పండుకు మచ్చ పడకుండా ఎంత మెల్లగా నొక్కుతామో, ఈ మర్దనకు అంతకన్నా ఎక్కువ బలం అక్కర్లేదు. ఎర్రబడేలా రుద్దితే చర్మంలోకి రక్తం ఎక్కువ వస్తుంది, దానితో ఊరే నీరూ ఎక్కువవుతుంది. కావాల్సింది చర్మాన్ని కొంచెం సాగదీసి వదలడం, తంతువులు లాగబడి నాళికల అంచులు తెరుచుకునేంత. రెండోది నూనె. వేళ్లు జారిపోతే చర్మం సాగదు. అందుకే వొడర్ పద్ధతి నేర్చినవాళ్లు చాలావరకు పొడి చేతులతోనే చేస్తారు. నూనె మసాజ్ ఒళ్లు హాయికి, చర్మానికి. శోషరసాన్ని కదిలించే స్పర్శ వేరు. రెండూ కావాలనుకుంటే ముందు పొడి చేతులతో ఇది ముగించి, తర్వాత నూనె రాసుకోవాలి.

ఇంట్లో చేసుకునే ఆరోగ్యవంతులకు వరస ముఖ్యం. చాలామంది పాదాల నుంచి మొదలుపెడతారు. పైన దారి ఖాళీ కాకుండా కింది నుంచి నెట్టి లాభం లేదు. ముందు పడుకునో, వెనక్కి ఆనుకుని కూర్చునో, పొట్ట మీద చెయ్యి వేసి అది లేచేలా నిదానంగా పది ఊపిర్లు. తర్వాత రెండు కాలర్ ఎముకల పైనున్న గుంటల్లో వేళ్ల మెత్తటి భాగం ఉంచి చర్మాన్ని కిందికి, లోపలికి జరిపి వదలడం. మెడ పక్కలను పిసకకూడదు. పెద్ద వయసువాళ్లు, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు మెడ జోలికే పోవద్దు. ఆ తర్వాత గజ్జలు. అక్కడి నుంచి తొడ పైభాగం, తొడ కిందిభాగం, మోకాలి వెనుక, పిక్క, చివరికి పాదం. చోటు కిందికి దిగుతున్నా చెయ్యి జరిగే దిశ ఎప్పుడూ పైకే. ముగించాక మడమలు ఆన్చి వేళ్లు పైకి, వేళ్లు ఆన్చి మడమలు పైకి కొద్దిసేపు ఆడిస్తే పిక్క మిగతా పని చేస్తుంది. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును చర్మంలోకి ఎక్కించి పరారుణ కెమెరాతో చూసినప్పుడు, ఇలాంటి మర్దన తర్వాత శోషరసం వేగంగా కదలడం కనిపించింది. ఆ మేలు కొంతసేపటిది. బరువు తగ్గడం, రంగు తేలడం దీనివల్ల జరగవు.

ఆయుర్వేద గ్రంథమైన అష్టాంగహృదయం దినచర్యలో అభ్యంగనాన్ని రోజూ చేసుకోమంటూనే కఫం పెరిగినప్పుడు, అజీర్ణంలో, శోధన చికిత్స అయిన వెంటనే వద్దంది. ఎవరికి చేయకూడదో చెప్పడం ఆనాడే చికిత్సలో భాగం. ఇవాళ ఆ జాబితా ఇంకా పెరిగింది. ఒక్క కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పి పెడుతూ, ముట్టుకుంటే వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కాలు ఎర్రబడి, చలి జ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ల కడితే అది ఇన్ఫెక్షన్. దానికి మందు కావాలి, మర్దన కాదు. రెండు కాళ్లూ వాచి, ముఖం ఉబ్బి, పడుకుంటే ఆయాసం వస్తుంటే గుండె, మూత్రపిండాలు చూపించుకోవాలి. గుండె బలహీనంగా ఉన్నవారిలో కాళ్ల నీటిని గబగబా పైకి నెట్టడం కూడా ప్రమాదమే.

శోషరసం నిలిచిపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బోదకాలు, అంటే ఫైలేరియా, మన పల్లెల్లో తరతరాలుగా ఉంది. ఉకెరేరియా బాంక్రాఫ్టై అనే దారం లాంటి పురుగు శోషరస నాళాల్లోనే కాపురం పెట్టి ఏళ్లతరబడి బతుకుతుంది. నాళాలు ఉబ్బి, కవాటాలు పనిచేయడం మానేస్తాయి. దాని పిల్లలు రాత్రిళ్లు రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది రక్తపరీక్షకు రాత్రిపూట ఇళ్లకు వచ్చేవారు. రాత్రి కుట్టే క్యూలెక్స్ దోమ వాటిని మోస్తుంది. ఆ దోమ పుట్టేది మురుగునీటిలో. మూసారాంబాగ్ నుంచి చైతన్యపురి దాకా మూసీ ఒడ్డున సాయంత్రం నిలబడితే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. 1877లో చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మాన్సన్ ఈ పురుగు దోమ కడుపులో పెరగడం చూశాడు. దోమకు, మనిషి జబ్బుకు సంబంధం ఉందని మొదట తెలిసింది అలా. ఆ మాన్సన్ ప్రోత్సాహంతోనే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు.

ఎల్.బి.నగర్ నుంచి విజయవాడ రహదారి పట్టుకుంటే వచ్చే నల్లగొండ జిల్లా ఈ జబ్బున్న జిల్లాల్లో ఒకటి. అక్కడి నుంచి వచ్చిన కుటుంబాలు ఈ కాలనీల నిండా ఉన్నాయి. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో డి.ఇ.సి. అనే ఫైలేరియా మాత్రలను ఊరూరా పంచుతున్నారు. 2027 నాటికి జబ్బును నిర్మూలించాలన్నది దేశ లక్ష్యం. మాత్ర వ్యాప్తిని ఆపుతుంది గానీ వాచిన కాలిని వెనక్కి తేలేదు. తెలంగాణ పింఛన్ల జాబితాలో బోదకాలు బాధితులు కూడా ఉండటం న్యాయమైన పని.

ఈ కాళ్లను ఇంకా పాడుచేసేది పురుగు కాదు, పదేపదే వచ్చే చలి జ్వరాలు. కాలివేళ్ల సందులు నీళ్లలో నాని పాచిపోయి, అక్కడ చర్మం చీలి, బాక్టీరియా లోపలికి పోయినప్పుడల్లా ఒక జ్వరం. జ్వరం వచ్చినప్పుడల్లా మరికొన్ని నాళాలు దెబ్బతింటాయి, కాలు మరికొంత లావవుతుంది. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీల్లో జనం రోజుల తరబడి మురుగు కలిసిన నీళ్లలో నడిచారు. వాచిన కాళ్లున్నవాళ్లకు అంతకన్నా చేటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే చికిత్సలో మొదటిది రోజూ కాలిని సబ్బుతో కడగడం. ఒక్కో మడతలోకీ, ఒక్కో వేలి సందులోకీ వేలు పోనిచ్చి కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. పగుళ్లకు, పొడిచర్మానికి నూనె రాయవచ్చు, వేలి సందుల్లో మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. అక్కడ తడి నిలిస్తే శిలీంధ్రం పెరుగుతుంది. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి, చీలమండను ఆడించాలి.

కేరళలోని కాసరగోడులో డాక్టర్ ఎస్.ఆర్. నరహరి బృందం నడిపే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ దీన్నే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. కాలు కడగడం, మూలికల కషాయంలో నానబెట్టడం, యోగ భంగిమలు, ఊపిరి, ఆయుర్వేద తైలంతో కింది నుంచి పైకి మృదువైన మర్దన, ఆ తర్వాత ఒత్తిడి కట్టు. ఇంటికి పోయి తమంతట తామే చేసుకునేలా రోగికి, ఇంట్లోవాళ్లకు నేర్పి పంపుతారు. నూనెకు, చేతికి, ఊపిరికి తగిన చోటు ఇచ్చిన పద్ధతి ఇది. ఇందులో మన వైద్య సంప్రదాయానికి గౌరవం ఉంది, కొలిచి చూసే ఓపిక కూడా ఉంది. ఇలాంటిది మన జిల్లాల్లోనూ రావాలని గట్టిగా కోరుకుంటాను.

నగరంలో ఈ వాపు ఇంకో దారిలోనూ వస్తోంది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసినప్పుడు చంకలోని శోషరస గ్రంథులను తీయాల్సి వస్తుంది. రేడియేషన్ కూడా తోడైతే ఆ వైపు చెయ్యి కొన్ని నెలలకో, ఏళ్లకో వాచవచ్చు. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చాక ఇక్కడి స్త్రీలు ఎర్ర లైనులో లకిడీకాపూల్‌లో దిగి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి, పంజాగుట్టలో దిగి నిమ్స్‌కు వెళ్లి వస్తున్నారు. రైల్లో బ్యాగు ఏ భుజానికి వేసుకోవాలి, ఆ చేతికి సూది గుచ్చనివ్వవచ్చా, గాజులు బిగుసుకుంటున్నాయా అన్నవి వాళ్ల రోజువారీ ప్రశ్నలు. ఉంగరం బిగుతుగా అనిపించడం, జాకెట్టు చెయ్యి ఒకవైపే పట్టేయడం తొలి సూచనలు. అప్పుడే డాక్టరుకు చెప్పాలి. ఇలాంటి వాపు మీద పరిశోధనలను క్రోడీకరిస్తూ 2015లో వచ్చిన కొక్రేన్ సమీక్ష, ఒత్తిడి కట్టుకు తోడుగా చేసిన మర్దన తేలికపాటి వాపులో కొంత అదనపు మేలు చేస్తుందని తేల్చింది. అసలు బరువు మోసేది కట్టే. అందువల్ల వీళ్లు వీడియోలు చూసి సొంతంగా మొదలుపెట్టకుండా, ఒక్కసారైనా శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గర తమ దారులు ఎటు మిగిలి ఉన్నాయో నేర్చుకోవాలి. గ్రంథులు తీసేసిన చంక వైపుకే నీటిని తోస్తే అది ముందుకు పోదు.

ఇంట్లో ఎవరి కాలు వాచినా చూసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. పాదం పైన, రెండో వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్లతో చిటికె పట్టి పైకెత్తాలి. మామూలు పాదంలో పలుచటి మడత లేస్తుంది. చర్మం దళసరెక్కి మడత లేవకపోతే శోషరసం నిలిచిన వాపని అర్థం. ఫ్రాన్సు వైద్యుడు స్టెమ్మర్ 1976లో చెప్పిన గుర్తు ఇది. మడత లేచినంత మాత్రాన జబ్బు లేదని ధీమా పడకూడదు, తొలిదశలో లేస్తుంది. లేవకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు. డాక్టరు ఒత్తిడి సాక్సు రాస్తే దాని కొలత పొద్దున్నే, నిద్ర లేవగానే ఇవ్వాలి. సాయంత్రం వాచిన కాలికి కొలిపిస్తే సాక్సు వదులై పనిచేయదు. నూనె రాసుకునేది రాత్రి, సాక్సు విప్పాక. జిడ్డు చర్మం మీద తొడిగితే అది కిందికి జారుతుంది, దాని సాగుడు దారాలు కూడా త్వరగా పాడైపోతాయి.